ఎదుటివాడి కేక

ఉరితాడు మెడకి తగిలించుకుని ఫొటో దిగడానికి జనం ఎందుకంత ఎగబడతారో డ్యాండ్ లెయిడ్లాకి ఎనిమిదేళ్లయినా అర్థం కాలేదు. బ్రాక్స్‌లా ఊరి పాత జైల్లో అతని ఉద్యోగం తలారి వేషం. నల్ల ముసుగు, తోలు అంగీ, చేతిలో తాడు. బస్సుల్లో దిగినవాళ్లు మఠం శిథిలాలు చూసి, ఎవరో రాణి వారం రోజులు జ్వరంతో పడుకున్న ఇల్లు చూసి, మటన్ కూరిన పై రొట్టెలు తిని, చివరికి కొండెక్కి అతని దగ్గరికి వస్తారు. వచ్చి మెడ చాపుతారు.

"ఇంకాస్త బిగించండి. నిజంలా ఉండాలి" అంది గులాబీ టోపీ పెట్టుకున్న ఒకావిడ.

"నిజమైతే ఫొటో చూసుకోడానికి మీరుండరమ్మా" అన్నాడు డ్యాండ్.

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే అతని ఎడమ చెయ్యి చూసింది. చూపుడు వేలు, నడిమి వేలు మొదలంటా లేవు. మిగిలిన రెండూ వంకర తిరిగి ఉన్నాయి.

"అబ్బ, ఎంత బాగా చేశారు! ఇది మేకప్పేనా?"

"అవునండీ. ఎనిమిదేళ్లుగా కడుగుతున్నా పోవడం లేదు."

ఆ చెయ్యి ఉన్నన్నాళ్లూ అతను రాతిపనివాడు. మఠం గోడలో రాయి వదులైనా, తోరణం బీటలిచ్చినా ఊరికి డ్యాండే దిక్కు. ఏ రాయి ఎక్కడ పగులుతుందో వేలితో తట్టి చెప్పేవాడు. ఉలి పట్టేది ఎడమ చేత్తో. ఆ రెండు వేళ్లూ పోయాక ఉలి నిలవలేదు, పనీ నిలవలేదు. ఊరు జాలిపడి ముసుగు ఇచ్చింది. జాలిపడే కన్నా మొహాన ఉమ్మేసినా బాగుండేది అనుకుంటాడు అతను.

ఇవాళ ఊళ్లో ఏటా ఫిబ్రవరిలో జరిగే బంతాట రోజు. కింద బజారులో కొట్ల అద్దాలకి చెక్కలు కొడుతున్న చప్పుడు కొండ మీదికి వినిపిస్తోంది. రెండు గంటలకి ఆట. డ్యాండ్ పొద్దుటి నుంచి ఆ చప్పుడే వింటున్నాడు. ఒక్కో మేకుకీ అతని దవడ బిగుసుకుంటోంది.

బ్రాక్స్‌లాలో మనిషికి పేరుకన్నా ముందు పక్షం పెడతారు. బజారు మధ్యనున్న సంత శిలువకి ఎగువన పుట్టినవాడు పైవాడు, దిగువన పుట్టినవాడు కిందవాడు. ఈ కాలంలో కాన్పులన్నీ పాతిక మైళ్ల అవతల పెద్దాసుపత్రిలో కాబట్టి, పసిగుడ్డుని ఏ దారిన ఊళ్లోకి తెస్తే వాడిది ఆ పక్షం. కన్నవాళ్లు ఎంత చుట్టు తిరిగైనా తమ దారినే తెస్తారు. డ్యాండ్‌ని తండ్రి హాబ్ కొండదారిన తెచ్చాడు. ఆరేళ్ల తరవాత తమ్ముడు సిమ్‌ని తెచ్చేరోజున కొండదారి మంచులో మూసుకుపోయింది. మంచు తీస్తారేమోనని హాబ్ మూడు గంటలు కారులోనే కూర్చున్నాడు. బిడ్డ పెదాలు నీలం తిరుగుతుంటే తల్లి అతన్ని గుద్దులు గుద్ది కారుని దిగువనున్న ఏటి వంతెన మీదుగా మళ్లించింది. అంతే. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు పైవాడు, ఒకడు కిందవాడు. ఊరు మొత్తానికి అలాంటి అన్నదమ్ములు వాళ్లిద్దరే. హాబ్ చచ్చేదాకా చిన్నకొడుకుని "వంతెనగాడు" అనే పిలిచాడు.

ఆటకి నియమాలు లేవు. పైవాళ్లు బంతిని జైలు గోడ లోపలికి విసిరితే గెలుపు, కిందవాళ్లు ఏట్లో ముంచితే గెలుపు. మధ్యలో ఏమైనా చేసుకోవచ్చు. ఒక్కటే కట్టుబాటు. తోపులాటలో ఎవడైనా కింద పడి నలిగిపోతుంటే "మనిషి పడ్డాడు!" అని కేక వెయ్యాలి. ఆ కేక వినగానే రెండు వందల మంది మగాళ్లూ ఉన్నచోటే ఆగి వెనకడుగు వెయ్యాలి. కాని ఆ కేక ఎదుటి పక్షం నోటినుంచి రావాలి. మనవాడి కోసం మనం అరిస్తే ఎవడూ ఆగడు, ఎందుకంటే ఓడిపోతున్న ప్రతివాడికీ ఎవడో ఒకడు పడిపోతూనే ఉంటాడు. ఆగితే నష్టపోయేవాడు అరిచిందే నిజమని తాతల నాటి లెక్క.

ఎనిమిదేళ్ల కిందట సన్యాసుల సందులో డ్యాండ్ పడ్డాడు. ఒక పక్క మఠం గోడ, ఇంకో పక్క ముప్పై మంది కిందవాళ్లు. ఎడమ చెయ్యి గోడకున్న పాత ఇనప కొక్కేనికి చిక్కింది. ఎవరి తుంటి కిందో తల ఇరుక్కుని చెవులు మూసుకుపోయాయి. తన ఎముకలు విరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. కళ్లు మాత్రం పనిచేశాయి. మూడడుగుల దూరంలో సిమ్ ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. కేక వెయ్యాల్సినవాడు వాడే. సిమ్ నోరు బార్లా తెరిచాడు. జనం ఆగలేదు, ఇంకా గట్టిగా తోశారు. మళ్లీ తెరిచాడు. మళ్లీ తోశారు.

"తొయ్యండి" అంటున్నాడు. సొంత తమ్ముడు, తన కళ్లలోకి చూస్తూ, "తొయ్యండి" అంటున్నాడు.

ఆసుపత్రికి సిమ్ వస్తే డ్యాండ్ గాజు కూజా విసిరి నుదురు పగలగొట్టాడు. ఇంటికి వస్తే తలుపు మొహాన వేశాడు. ఉత్తరాలు రాస్తే విప్పకుండా పొయ్యిలో పెట్టాడు. సిమ్ గుర్రపు జీనులు కుట్టే పనివాడు, ఆట బంతి కుట్టేదీ వాడే, కాని ఆ రోజు నుంచి ఆటలోకి దిగలేదు. ఈ ఏడాది దిగుతున్నాడని వారం కిందట కబురు తెలిసింది. ఆ రాత్రే డ్యాండ్ తేల్చేసుకున్నాడు. చంపడు. వాడి కుడిచెయ్యి, ఆ సూది పట్టే చెయ్యి, ఇక సూది పట్టకూడదు. చేతికి చెయ్యి.

ఒంటిగంటకి అతను ముసుగు తీసి కొక్కేనికి తగిలించాడు. టికెట్లు చింపే మిర్రెన్ అడ్డం వచ్చింది. ఆమె మొగుడు కిందవాడు, కిందటేడు పోయాడు.

"డ్యాండూ, ఒక్క నిమిషం. మా ఆయన పోయేముందు ఒక మాట చెప్పాడు. ఆ రోజు సందులో ఆయనా ఉన్నాడు. నువ్వనుకున్నట్టు కాదట..."

"మిర్రెనక్కా, వాడి ఊసెత్తావంటే నిన్నూ ఆ తాడుకి కట్టి వేలాడదీస్తాను. పైగా టికెట్ కూడా పెడతాను."

"నోరు ముయ్యరా! ఇంతకాలం నోరు మూసుకుని మేమంతా పాపం కట్టుకున్నాం, విను..."

"సాయంత్రం వింటాను. తీరిగ్గా ఉంటాను అప్పటికి."

సాయంత్రం దాకా ఆగని సంగతులు కొన్ని ఉంటాయని మిర్రెన్‌కి తెలుసు. ఆమె వెనకాల అరుస్తూనే ఉంది, డ్యాండ్ కొండ దిగిపోయాడు.

సంత శిలువ దగ్గర వాన సన్నగా పడుతోంది. కట్టిన తాళ్ల వెనక యాత్రికులు గొడుగులు మడిచి ఫోన్లు పైకెత్తారు. పైవాళ్ల నాయకుడు ఎక్ ప్రింగిల్, మాంసం కొట్టువాడు. మెడ లేని మనిషి. డ్యాండ్ భుజం మీద చరిచాడు.

"తమ్ముడుగారొచ్చారు చూశావా? జావ తాగి, జుట్టు దువ్వుకుని మరీ వచ్చాడు."

"చూశాను."

"నాకు బంతి చాలు. వాడిని నువ్వు ఉప్పేసుకుని తిను."

సిమ్ కొత్త బంతిని రెండు చేతులా పట్టుకుని గుంపు మధ్యకి వచ్చాడు. నుదుటి మీద కూజా దెబ్బ మచ్చ తెల్లగా ఉంది. అన్న ఎదురుగా ఆగాడు.

"అన్నా" అన్నాడు.

డ్యాండ్ అతని బూట్ల మీద ఉమ్మేశాడు. పైవాళ్లు ఈలలు వేశారు. సిమ్ తల దించుకుని వెళ్లి బంతిని ఆకాశంలోకి విసిరాడు.

అది కింద పడలేదు. దాని కోసం లేచిన చేతులు ఒకదాన్నొకటి విరుచుకున్నాయి. మొదటి నిమిషంలోనే ఒకడి ముక్కు పగిలి డ్యాండ్ చొక్కా మీద చిమ్మింది. మోచేతులు, మోకాళ్లు, బూతులు. గుంపు మొత్తం ఒక్క శరీరంలా కదిలి రొట్టెల కొట్టు చెక్కలకి గుద్దుకుంది. చెక్క పగిలి, అద్దం పగిలి, అద్దంలో ఎవడిదో చెయ్యి దిగింది. వాడు చెయ్యి లాక్కుని, చూసుకుని, మళ్లీ తలొంచి దూరాడు. "ఇదంతా మాకోసం చేస్తున్నారా, నిజమా?" అని తాళ్ల వెనక ఎవరో అడిగారు.

డ్యాండ్ బంతిని ఒక్కసారి కూడా చూడలేదు. అతను సిమ్ తలనే చూస్తున్నాడు. అడ్డొచ్చిన కిందవాడిని చెవి పట్టి పక్కకి లాగాడు. ఒకడు అతని పక్కటెముకల్లో గుద్దితే వాడి బొటనవేలు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచాడు. వాడు కుయ్యిమన్నాడు.

"ఏరా, మీ అమ్మని పిలవనా?" అన్నాడు డ్యాండ్. చాలా ఏళ్ల తరవాత అతనికి ఒంట్లో వెచ్చగా, హాయిగా ఉంది. ఆ హాయికి సిగ్గు లేదు.

గంటసేపటికి బంతి సిమ్ చేతికి చిక్కింది. వాడు దాన్ని కడుపులో పొదువుకుని ఏటి వైపు పరిగెత్తాడు. పైవాళ్లు అడ్డం కొట్టారు. గుంపు వంపు తిరిగి, నూరు మంది ఒక్కసారిగా సన్యాసుల సందులోకి కూరుకుపోయారు. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు అది. మఠం గోడ నల్లగా తడిసి ఉంది. ఆ ఇనప కొక్కెం ఉన్నచోటే ఉంది.

డ్యాండ్ భుజాల మీంచి పాకాడు. తలల మీద మోకాళ్లు ఆన్చి సిమ్ పక్కన దిగాడు. అన్నదమ్ముల మొహాలు జానెడు దూరంలోకి వచ్చాయి.

"అన్నా, నీకోసమే దిగానన్నా. ఇంకెక్కడా నువ్వు నన్ను దగ్గరికి రానివ్వవు. ఒక్క మాట విను..."

"ఎనిమిదేళ్ల కిందట విన్నానుగా నీ మాట."

"వినలేదన్నా! నువ్వు వినలేదు, అదే నే చెప్పేది..."

డ్యాండ్ వాడి కుడి మణికట్టు పట్టుకున్నాడు. బంతి జారి ఎవరి కాళ్ల మధ్యో పడింది. ఆ చేతిని లాగి, వేళ్లని కొక్కెం మీద పరిచి, తన మోచేతిని ఎత్తి దించాడు. మొదటిసారికి రెండు వేళ్లు విరిగాయి. సిమ్ అరవలేదు, గాలి మాత్రం బయటికి వచ్చింది. రెండోసారికి మూడోది. ఆపైన భుజం మొత్తం మోపి మణికట్టు మీద పడ్డాడు. రాయి పగులు ఎక్కడ మొదలవుతుందో తెలిసినవాడికి ఎముక ఒక లెక్కా? చెయ్యి తప్పుడు వైపుకి వంగింది. తెల్లని ముక్క ఒకటి తోలు చీల్చుకుని బయటికి వచ్చింది.

"ఇప్పుడు కుట్టరా" అన్నాడు డ్యాండ్. "కుట్టు నీ బంతి."

సిమ్ నిలువునా గోడ పొడుగునా జారిపోయాడు. అదే క్షణంలో వెనక నుంచి ఎక్ "బంతి కిందుంది! తొయ్యండిరా!" అని కేక పెట్టాడు. పైవాళ్లంతా తోశారు. ఒకడి మీద ఒకడు పడ్డారు. సిమ్ ఛాతీ మీద ఒక బూటు, ఆ బూటు మీద ముగ్గురి బరువు. డ్యాండ్ గోడకి చెయ్యి ఆన్చి ఎలాగో నిలబడ్డాడు.

సిమ్‌కి అందరికన్నా దగ్గర ఉన్న ఎదుటి పక్షం మనిషి ఇప్పుడు అతనే.

డ్యాండ్ నోరు తెరవలేదు. చూడనీ. కింద నుంచి పైకి చూస్తే ఎలా ఉంటుందో తెలియనీ. అతను ఒకటి లెక్కపెట్టాడు, రెండు లెక్కపెట్టాడు. సిమ్ మొహం ఎర్రబడి, తరవాత బూడిద రంగుకి మారింది. పెదాలు నీలం తిరిగాయి. మూడు. నాలుగు. సిమ్ ఏదో అనబోయాడు, ఊపిరి లేక నోరు మాత్రం తెరుచుకుంది. ఆ నోరు డ్యాండ్‌కి తెలుసు. ఆరేళ్ల వయసులో కారు వెనక సీట్లో కూర్చుని చూశాడు. మంచు పడుతుంటే, అమ్మ గుద్దులు గుద్దుతుంటే, శబ్దం లేకుండా తెరుచుకున్న ఆ చిన్న నోరు. ఆ రోజు వెనక సీట్లోంచి "నాన్నా, తమ్ముడు చచ్చిపోతున్నాడు" అని అరిచింది తనే.

"మనిషి పడ్డాడు!" అన్నాడు డ్యాండ్. "మనిషి పడ్డాడు! మనిషి పడ్డాడు!"

గుంపు ఒక్క క్షణం తడబడింది. అంతలో ఎక్ నవ్వాడు. రక్తం నిండిన పళ్లతో గట్టిగా నవ్వాడు.

"వాడి అన్నేరా! తమ్ముడి కోసం అన్న అరిస్తే అది కేకా? తొయ్యండి!"

"ఎక్, నీ కాళ్లు మొక్కుతా. చచ్చిపోతాడు. నేను పైవాడిని, నా కేక చెల్లుతుంది!"

"చెల్లదు! ఆ రోజు నీకోసం వాడు గొంతు చించుకున్నాడు, కిందవాళ్లు ఆగారా? తమ్ముడి కేక లెక్కలోకి రాదన్నారు. అన్నది మాత్రం ఎందుకొస్తుంది? తొయ్యండెహె!"

డ్యాండ్‌కి ఆ మాట చెవిలోంచి కడుపులోకి దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక, ఎనిమిదేళ్లుగా కాపాడుకున్న నిజం ఒక్క రాయి లాగితే కూలిన గోడలా కూలిపోయింది. ఎక్‌కి తెలుసు. అందరికీ తెలుసు. పగబట్టిన డ్యాండ్ పైపక్షానికి పనికొచ్చాడు కాబట్టి పైవాళ్లు చెప్పలేదు. ఆగనందుకు సిగ్గుపడి కిందవాళ్లు చెప్పలేదు. ఎనిమిదేళ్లూ చెప్పబోయిన ఒక్కడి చెయ్యి ఇప్పుడు కొక్కెం కింద నలిగి ఉంది.

అతను తలతో ఎక్ మొహం మీద గుద్దాడు. ముక్కు చితికిన చప్పుడైంది. మళ్లీ గుద్దాడు. ఎక్ అతని గొంతు పట్టుకుంటే ఆ చేతిని కరిచాడు, పళ్లు కలిసేదాకా కరిచాడు. ఎక్ ఊడబెరుక్కుని పక్కకి ఒరిగాడు. డ్యాండ్ సిమ్ ఛాతీ మీది బూటు పట్టి తిప్పాడు. మడమ విరిగి వాడు కేకలు పెట్టాడు. ఆ కేకని ఎవడూ పట్టించుకోలేదు. తన పక్షంవాళ్ల మొహాలని గోళ్లతో చీరుతూ, తన్నులు తింటూ, డ్యాండ్ తమ్ముడి మీద నాలుగు కాళ్ల జంతువులా నిలబడ్డాడు. వీపు మీద మనుషులు పడ్డారు. పక్కటెముక ఒకటి విరిగింది. ఇంకొకటి. ఎడమ చెయ్యి, ఆ మూడు వేళ్ల చెయ్యి, నేలకి ఆని నిలిచింది.

"ఊపిరి తీసుకోరా" అన్నాడు. "తీసుకో నాయనా. మెల్లిగా."

ఎవడో బంతిని కాళ్ల మధ్య నుంచి లాగేశాడు. "పైకి! పైకి!" అని కేకలు. గుంపు వచ్చినంత వేగంగానూ ఖాళీ అయిపోయింది. సందులో వాన, చిరిగిన చొక్కాలు, ఎవరిదో ఒక పన్ను మిగిలాయి. కాసేపటికి కొండ మీద జైలు గంట మోగింది. పైవాళ్లు గెలిచారు.

సిమ్ కళ్లు తెరిచాడు. గురగురమంటున్న ఊపిరి, కాని ఊపిరే.

"అరిచావట" అన్నాడు డ్యాండ్.

"అరిచా. నెల్లాళ్లు గొంతు పలకలేదు." సిమ్ మాటకీ మాటకీ మధ్య ఆగాడు. "నువ్వు నన్నే చూస్తున్నావు కదన్నా. నువ్వు విన్నావనే అనుకున్నా. విని కూడా కోపమా అనుకున్నా."

డ్యాండ్ ఏడ్చాడు. దాచుకోలేదు. తన చొక్కా చింపి తమ్ముడి చేతికి చుట్టబోయాడు. ముడి వెయ్యడానికి వేళ్లు చాలలేదు. పళ్లతో లాగాడు.

"గట్టిగా లాగకన్నా" అన్నాడు సిమ్. "ఆసుపత్రిలో అడుగుతారు. ఆటలో పోయిందని చెప్తాలే."

"నోర్ముయ్. నేనే విరగ్గొట్టానని చెప్తాను."

అంబులెన్సులో వచ్చినావిడ పసుపు కోటు వేసుకుని, కాగితాల అట్ట పట్టుకుని సందులోకి పరిగెత్తుకొచ్చింది. సిమ్ చెయ్యి చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఎలా జరిగింది?"

"నేను విరిచాను. కావాలనే" అన్నాడు డ్యాండ్. "వారం నుంచి అనుకుని మరీ విరిచాను."

"మీరెవరు?"

"వీడి అన్నని."

ఆమె మొహం మెత్తబడింది. "చూడండి, అన్నదమ్ములకి అలాగే అనిపిస్తుంది. మీరు మీదపడి కాపాడారని బయట అందరూ చెప్పారు. మీ తప్పేం లేదు."

"మీకు అర్థం కావడం లేదు. ఆ కొక్కెం మీద పెట్టి, నా మోచేత్తో..."

"మీ తలకి దెబ్బ తగిలింది. కాసేపు కూర్చోండి." ఆమె అప్పటికే రాసేసుకుంది. ఆటలో గాయం.

"కావాలనే చేశానమ్మా!" డ్యాండ్ గొంతు చించుకుని అరిచాడు. "వినండి! ఎవరైనా వినండి! నేనే చేశాను!"

సందు చివర తాళ్ల దగ్గర గులాబీ టోపీ ఆవిడ ఫోను పైకెత్తింది. పక్కావిడ కళ్లు తుడుచుకుంటూ, "పాపం, తమ్ముడంటే ప్రాణం కాబోలు" అంది.

సిమ్ మంచి చేత్తో అన్న చొక్కా అంచు పట్టుకుని లాగాడు.

"ఊరుకో అన్నా" అన్నాడు. "ఎంత అరిచినా ఎవరూ నమ్మరు. నాకు తెలుసు."